దయగల రైలు కథ మీద నా పేచీ

జపాన్‌లో ఒక్క విద్యార్థిని కోసం మూసేయకుండా ఉంచిన రైల్వే స్టేషన్ కథ మన వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంది. ఈ మధ్య మా బంధువుల గ్రూపులోకి అది మళ్ళీ వచ్చింది, ఈసారి వయొలిన్ సంగీతంతో, గంభీరమైన గొంతుతో చదివిన వ్యాఖ్యానంతో, వీడియో రూపంలో. మంచులో సగం మునిగిన చెక్క స్టేషన్, ఒంటిపెట్టె రైలు, ఉదయం 7:04కు ఎక్కి సాయంత్రం 5:08కి దిగే అమ్మాయి, ఆమె చదువు పూర్తయ్యేదాకా ఆగుతామన్న రైల్వే కంపెనీ, ఆఖరున "మన దేశం ఎప్పుడు బాగుపడుతుందో" అనే నిట్టూర్పు. నేను జపాన్‌లోని సప్పొరోలో ఉద్యోగం చేస్తున్నానని తెలిసినవాళ్ళు ఆ స్టేషన్ చూశావా అని అడుగుతూ ఉంటారు. చూడడానికి ఆ స్టేషన్ ఇప్పుడు లేదు. అది ఉండిన మార్గంలో మాత్రం ప్రయాణం చేశాను, ఆ ప్రాంతం గురించి దొరికినంత చదివాను.

కథలోని తప్పులు పట్టుకోవడం ఒక్కటే నా ఉద్దేశమైతే ఇంత రాయనవసరం లేదు, ఆ పని 2016లోనే చాలామంది చేశారు. నా పేచీ వేరే చోట ఉంది. ఒక మామూలు ఏర్పాటును ఆ కథ దయగా మార్చి చూపిస్తోంది, మనం దయకు చప్పట్లు కొట్టి, ఏర్పాటు ఎలా నడిచిందో, ఎందుకు ఆగిపోయిందో అడగకుండా ఊరుకుంటున్నాం.

అయిదు షిరాతాకిలు

హొక్కైడో దీవిలో అసహికావా నుంచి ఒఖోత్స్క్ సముద్రం ఒడ్డున ఉన్న అబాషిరి దాకా వెళ్ళే సెకిహొకు మార్గం పొడవు సుమారు 234 కిలోమీటర్లు. ఆ దారిలో, యూబెత్సు నది లోయలో, షిరాతాకి అనే ఊరి పేరు పెట్టుకున్న స్టేషన్లు ఒకప్పుడు వరసగా అయిదు ఉండేవి: ఓకు-షిరాతాకి, కామి-షిరాతాకి, షిరాతాకి, క్యూ-షిరాతాకి, షిమో-షిరాతాకి. మన మాటల్లో చెప్పాలంటే లోపలి, ఎగువ, అసలు, పాత, దిగువ షిరాతాకిలు. లోపలిది 2001లోనే ప్రయాణికులకు మూతపడి, ఒంటి పట్టాల మీద ఎదురెదురుగా వచ్చే బళ్ళు ఒకదాన్నొకటి తప్పుకునే సిగ్నల్ చోటుగా మిగిలింది. మిగిలిన నాలుగింటిలో మూడు 2016 మార్చి 26న పోయాయి. ఇప్పుడు కామికావా స్టేషన్ దాటాక తరవాతి స్టేషన్ అయిన షిరాతాకి 37.3 కిలోమీటర్ల దూరంలో వస్తుంది. నడుమ కనుమ, సొరంగాలు, అడవి తప్ప ఇళ్ళు దాదాపు లేవు.

ఆ కథ 2016 జనవరిలో చైనా ప్రభుత్వ టెలివిజన్ సీసీటీవీ పెట్టిన ఫేస్‌బుక్ పోస్టుతో ప్రపంచమంతా పాకింది. అందులో చెప్పిన పేరు, వేళలు కామి-షిరాతాకివి. అక్కడ ఆగేవి రోజుకు వచ్చేదొకటి, పోయేదొకటి. హైస్కూలుకు వెళ్ళే ఆ అమ్మాయి ఎక్కుతూ ఉండినది మాత్రం షిరాతాకికి అవతలి వైపున ఉన్న క్యూ-షిరాతాకిలో. అక్కడ ఉదయం ఎంగరు పట్టణం వైపు ఒకే బండి ఉన్నా, తిరిగి రావడానికి ఒకటికి మించి బళ్ళు ఉండేవి. అంటే రైలు వేళలు ఆమె ఒక్కదాని బడి గంటలను బట్టి పెట్టినవి కావు. ఆ లోయలో ఇతర స్టేషన్లలో ఎక్కేవాళ్ళకూ అదే బండి.

పొరబడింది స్టేషన్ పేరు దగ్గరే అయితే పట్టించుకోనవసరం లేదు. కానీ ఈ పొరపాటు వల్ల ఒక ఆసక్తికరమైన విషయం మరుగున పడింది. క్యూ-షిరాతాకి పుట్టింది 1947లో, స్టేషన్‌గా కాదు, తాత్కాలిక హాల్టుగా. ఆ రోజుల్లో ప్రాంతీయ రైల్వే కార్యాలయాలు టోక్యోలోని ప్రధాన కార్యాలయం అనుమతి కోసం ఎదురుచూడకుండానే ఇలాంటి హాల్టులు పెట్టుకోగలిగేవి. హొక్కైడోలో అవి బాగా ఎక్కువ. ఎందుకంటే అక్కడి సేద్యపు ఊళ్ళు మన ఊళ్ళలా గుంపుగా ఉండవు, ఎవరి పొలంలో వాళ్ళ ఇల్లు ఉంటుంది, బడి మాత్రం ఎక్కడో దూరాన ఉంటుంది. పిల్లలూ, ఇరుగుపొరుగు రైతులూ ఎక్కడానికి నాలుగు చెక్కలు పరిచి ఒక గట్టు కట్టి, బండిని నిమిషం సేపు ఆపితే హాల్టు అయిపోయినట్టే. నలభై ఏళ్ళు అలాగే నడిచి, 1987లో జాతీయ రైల్వే కంపెనీలుగా విడిపోయినప్పుడు గాని క్యూ-షిరాతాకికి స్టేషన్ హోదా రాలేదు. ఆ హాల్టు పెట్టినవాళ్ళు కరుణామూర్తులని ఎవరూ వీడియోలు చేయలేదు. లోయలో మనుషులున్నారు కాబట్టి బండి ఆగింది, అంతే.

ఎగువ షిరాతాకి చరిత్ర ఇంకా పాతది. అయికిడో అనే యుద్ధవిద్యను స్థాపించిన మొరిహెయి ఉయెషిబా 1912లో దక్షిణాన వకాయామా ప్రాంతం నుంచి 54 కుటుంబాలను వెంటబెట్టుకుని వచ్చి అడవి కొట్టి ఊరు కట్టినది ఆ చుట్టుపక్కలే. వాళ్ళకు రైలు మొహం కనబడడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. కామి-షిరాతాకి స్టేషన్ తెరిచింది 1932లో.

మార్చి 26న ఇంకేం జరిగింది

వీడియోలో అన్నిటికన్నా బలంగా తగిలే వాక్యం, స్టేషన్ మూసే రోజును ఆ అమ్మాయి చదువు ముగిసే రోజును బట్టి నిర్ణయించారన్నది. జపాన్‌లో బడి సంవత్సరం మార్చిలో ముగుస్తుంది. రైల్వేల వార్షిక టైమ్‌టేబులు మార్పు కూడా మార్చిలోనే వస్తుంది. స్టేషన్లు మూసేది సాధారణంగా ఆ రోజునే. కాబట్టి ఆఖరి సంవత్సరం చదువుతున్న ఏ విద్యార్థికైనా, ఆ ఏడాది మూతపడే ఏ స్టేషన్‌కైనా ఆ రెండు తేదీలు దగ్గర దగ్గరగానే పడతాయి.

అదే 2016 మార్చి 26న హొక్కైడోలో మూతపడిన స్టేషన్లు మొత్తం ఎనిమిది. ఒక్క అమ్మాయి కోసమే ఆ రోజుదాకా ఆగారంటే, వేరే మార్గాల్లో ఉన్న మిగతావి ఎవరి కోసం ఆగినట్టు? అదే రోజున సముద్రం అడుగు సొరంగం గుండా షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) మొదటిసారి హొక్కైడోలో అడుగుపెట్టింది. షిన్-హకొదాతె-హొకుతో స్టేషన్‌లో బ్యాండు మేళాలూ, జెండాలూ. ఒకే కంపెనీ, ఒకే టైమ్‌టేబులు మార్పు, ఒకే ఉదయం. నా మటుకు నాకు ఆ రోజు గురించి చెప్పుకోవలసిన కథ ఇదే, కానీ దీనికి వయొలిన్ అతకదు.

ఆ ఎనిమిదింటిలో సెకిహొకు మార్గంలోనే ఉన్న కనెహనా అనే స్టేషన్ కూడా ఉంది. దాని దగ్గరి కొండ మీద 1980లో ఒక స్మారక స్తంభం నిలబెట్టారు. అక్కడికి దగ్గర్లోని జోమొన్ సొరంగం పొడవు 507 మీటర్లే, కానీ 1914లో పూర్తయిన ఆ సొరంగాన్ని తవ్వించింది మోసపుచ్చి తీసుకొచ్చి, పాకల్లో బంధించి, కొట్టి పనిచేయించిన కూలీల చేత. చచ్చినవాళ్ళను అక్కడే పాతిపెట్టారన్న మాట స్థానికంగా చాలాకాలం పుకారుగానే నడిచింది. 1968 భూకంపంలో దెబ్బతిన్న గోడను బాగుచేస్తుండగా 1970లో ఇటుకల వెనక మనిషి ఎముకలు బయటపడ్డాయి. ఈ పట్టాలకు దయ అనే గుణాన్ని అంటగట్టడం చూసినప్పుడల్లా నాకు ఆ గోడ గుర్తుకొస్తుంది. ఇక్కడ రైలు వేసినవాళ్ళు రాక్షసులనో, నడిపినవాళ్ళు దేవుళ్ళనో తేల్చడం కోసం ఇది చెప్పడం లేదు. కలప, పంట, సైన్యం, వలస, ఇలాంటి అవసరాల కోసం వేసిన మార్గం ఇది. పిల్లలు బడికి వెళ్ళడం ఆ అవసరాల్లో ఒకటిగా కలిసిపోయింది.

"అబద్ధమైతే ఏమైంది బావా"

మా మేనత్త కొడుకు ప్రకాశం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాడు. ఈ విషయాలన్నీ గ్రూపులో రాస్తే, రాత్రి ఫోన్ చేసి, "అబద్ధమైతే ఏమైంది బావా? ఆ వీడియో వేసి చూపిస్తే మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కిక్కురుమనకుండా చూశారు. చదువంటే ఇంత విలువ ఉంటుందా అని వాళ్ళకు తెలిస్తే నష్టమేముంది?" అన్నాడు. తేలిగ్గా కొట్టిపారేయగలిగిన మాట కాదది. పదో తరగతి దాటకుండానే పెళ్ళి మాటలు మొదలయ్యే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు, ఒక ఆడపిల్ల చదువు కోసం ఒక రైలే ఆగిందని చెప్పడంలో బలం ఉంది. ఉపాధ్యాయుడికి ఆ బలం కావాలి. కథలన్నిటినీ గుమాస్తా చూపుతో సరిచూస్తూ కూర్చుంటే పిల్లలకు చెప్పడానికి ఏమీ మిగలదన్నదీ నిజమే.

మాటల్లో మాటగా అతనే ఇంకో సంగతి చెప్పాడు. వీడియో అయ్యాక ఒకమ్మాయి లేచి, "సార్, ఆ రైలుకి పాస్ ఉంటుందా?" అని అడిగిందట. తరగతి అంతా నవ్వారట. ఆ అమ్మాయిది ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. వాళ్ళ ఊరికి పొద్దున వచ్చే బస్సు వేళ మారి, బడి గంట కొట్టిన ఇరవై నిమిషాలకు గాని దించడం లేదు. అందుకని నలుగురైదుగురు కలిసి షేర్ ఆటోలో వస్తున్నారు.

నవ్వినవాళ్ళ కన్నా ఆ అమ్మాయికే కథ సరిగ్గా అర్థమైందని నాకనిపించింది. ఉంటుంది, పాస్ ఉంటుంది. బడిపిల్లలకు నెలవారీ, మూడు నెలల పాసులు జపాన్ రైళ్ళన్నిటిలోనూ తక్కువ ధరకు ఇస్తారు. పల్లెల్లో నడిచే బళ్ళకు కండక్టరు ఉండడు. వెనక తలుపు దగ్గర ఎక్కి, యంత్రం నుంచి నంబరు చీటీ లాక్కోవాలి. ముందు, డ్రైవరు నెత్తి మీద ఉన్న పలకలో ఆ నంబరు కింద ఎంత ఛార్జీ పడుతుందో కనిపిస్తూ ఉంటుంది. దిగేటప్పుడు చీటీనీ చిల్లరనూ కలిపి డ్రైవరు పక్కనున్న డబ్బాలో వేసి ముందు తలుపు నుంచి దిగాలి. పిల్లలు మాత్రం పాసు చూపించి, తల కొంచెం వంచి, దిగిపోతారు. డ్రైవరు వాళ్ళ కథ అడగడు, వాళ్ళు అతనికి కృతజ్ఞతగా ఏమీ చెప్పుకోనక్కర్లేదు. నేను మెచ్చుకునేది ఈ మామూలుతనాన్నే. దయ చూపించాలంటే ముందు ఎవరో ఒకరు మనల్ని గుర్తించాలి, జాలిపడాలి, మనం దానికి అర్హులమనిపించుకోవాలి. పాసుకు అవేవీ అక్కర్లేదు. ఆ బస్సు వేళ మార్చిన అధికారికి ఈ వీడియో చూపిస్తే ఆయన కూడా కళ్ళు తుడుచుకుంటాడేమో గాని, తన చేతిలో ఉన్న కాగితానికీ ఈ కథకూ సంబంధం ఉందని ఆయనకు తోచదు. కథను మలిచిన తీరే అలాంటిది.

మూసేయడం తప్పా?

ఇక్కడ నా మీద నాకే ఒక అనుమానం. ఇంత మాట్లాడుతున్నవాణ్ణి, క్యూ-షిరాతాకిని మూసేసి ఉండకూడదంటానా? అనలేను. రోజూ ఎక్కే ఒక్క మనిషి చదువు ముగించుకుని వెళ్ళిపోయాక ఆ గట్టు మీద మంచు ఎత్తి పోయడానికి మనుషుల్ని పంపడం ఎవరికీ మేలు చేయదు. చలికాలంలో ఆ లోయలో మంచు తీయడం సరదా పని కాదు. ఇల్లిల్లూ తిరిగే చిన్న వ్యాను గాని, పిలిస్తే వచ్చే ట్యాక్సీ గాని చాలాచోట్ల రైలు కన్నా బాగా ఉపయోగపడుతుంది. రైలు మీద ఉండే మమకారం వల్ల రైలునే కాపాడాలనుకోవడం, మనుషుల్ని వదిలేసి ఇనుమును పట్టుకోవడమే అవుతుంది.

నిజానికి ఎవరూ ఉండని చోట స్టేషన్ బతికిన ఉదాహరణ హొక్కైడోలోనే ఉంది. మురొరాన్ మార్గంలో రెండు సొరంగాల మధ్య ఇరుక్కుని, దారి కూడా లేని కొబోరో అనే స్టేషన్‌ను మూసేస్తానని కంపెనీ 2015లో అంటే, తోయోఉరా పట్టణం ఖర్చు తాను పెట్టుకుంటానని ముందుకొచ్చి నిలబెట్టింది. అక్కడ దిగేవాళ్ళు ఫోటోల కోసం వచ్చే రైలు పిచ్చివాళ్ళు, ఊరికి వాళ్ళే ఆకర్షణ. ఉత్తర కొసన బక్కయి అనే పాత చెక్క స్టేషన్‌ను వక్కనాయి నగరం కొన్నాళ్ళు అలాగే పోషించి, చివరికి తన వల్ల కాదని చేతులెత్తేస్తే 2025 మార్చిలో అదీ పోయింది. పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేటతెల్లమవుతుంది. ఎవరూ నివసించని కొబోరో ఉంది, విద్యార్థిని ఎక్కిన క్యూ-షిరాతాకి లేదు. తేడా కరుణలో లేదు, బిల్లు ఎవరు కడతామన్నారన్న దానిలో ఉంది.

ఆ బిల్లు సంగతికి వస్తే, హొక్కైడో రైల్వే కంపెనీ నష్టాల్లో నడవబోతోందన్నది 1987లో దాన్ని ఏర్పాటు చేసినవాళ్ళకు తెలియని విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సగం విస్తీర్ణం, యాభై లక్షల పైచిలుకు జనం, ఆరు నెలల చలి ఉన్న చోట రైలు లాభం తేదు. అందుకే కంపెనీ చేతిలో 68,220 కోట్ల యెన్‌ల నిధి పెట్టారు. దాని మీద ఏటా 7.3 శాతం వడ్డీ వస్తుంది, ఆ వడ్డీతో నష్టం పూడుతుంది అన్నది ఒప్పందం. మొదటి ఏడాది 4,980 కోట్ల యెన్‌లు వచ్చాయి కూడా. తరవాత దేశంలో వడ్డీ రేట్లు దాదాపు సున్నాకు పడిపోయాయి. 2016 నవంబరులో, అంటే వీడియో కథ ముగిసిన ఎనిమిది నెలలకు, కంపెనీ ఒక జాబితా విడుదల చేసింది: మొత్తం 1,237.2 కిలోమీటర్ల మార్గాలను సొంతంగా నిలబెట్టుకోవడం ఇక తమ వల్ల కాదని. సెకిహొకు మార్గం ఆ జాబితాలో ఉంది. క్యూ-షిరాతాకి పోయింది వడ్డీ రేటు వల్ల అనడం అతిశయోక్తి అవుతుంది, జనం తగ్గడమే అసలు కారణం. కానీ జాలి లేకపోవడం వల్ల పోయిందనడం కన్నా అది నిజానికి దగ్గర.

ఆ లోయలో రోడ్డు

నేను ఆ మార్గంలో వెళ్ళింది ఫిబ్రవరిలో, సప్పొరో నుంచి అబాషిరి వెళ్ళే ఒఖోత్స్క్ ఎక్స్‌ప్రెస్‌లో. ఫోన్‌లో మ్యాపు చూసుకుంటూ కూర్చున్నా కామి-షిరాతాకి ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. షిమో-షిరాతాకి సిగ్నల్ చోటుగా ఉంది కాబట్టి అక్కడ కనీసం రెండో పట్టా కనిపించింది. ఎంగరులో బండి దిశ మారుతుంది, అంటే ముందుది వెనక, వెనకది ముందు అవుతుంది. ప్రయాణికులు లేచి, సీటు కింది పెడల్ నొక్కి, సీట్లను తిప్పుకుంటారు. పెట్టెలో అటూ ఇటూ టకటకా చప్పుళ్ళు. నా ముందు కూర్చున్న పెద్దాయన మాత్రం తిప్పుకోలేదు, కితామి దాకా వెనక్కి చూస్తూనే ప్రయాణం చేశాడు. ఇలా తిరగవలసి రావడానికి కారణం ఒకప్పుడు అక్కడి నుంచి ఉత్తరానికి సాగిపోయిన నయొరో ప్రధాన మార్గం. అది 1989లో తీసేశారు. దాని కోసం వేసిన మలుపు మాత్రం మిగిలి, ఈనాటికీ ప్రతి బండినీ వెనక్కి తిప్పుతోంది.

కిటికీలోంచి చాలాసేపు పక్కనే కనబడేది అసహికావా–మొంబెత్సు ఎక్స్‌ప్రెస్ రోడ్డు. దానికి టోల్ లేదు. 2019లో అది ఎంగరు దాకా వచ్చింది. రైలుకు రావలసిన మనుషుల్ని తీసుకుపోయినది ముఖ్యంగా ఆ రోడ్డే. ఆ రోడ్డు వేయడానికి ముందు షిరాతాకి దగ్గర నేల తవ్వితే రాతియుగపు అబ్సిడియన్ (అగ్నిపర్వతపు నల్ల గాజురాయి) పనిముట్లు కుప్పలుగా బయటపడ్డాయి. జపాన్‌లో ఆ రాయికి అతిపెద్ద నిలయం ఆ కొండలే. అక్కడ దొరికిన వాటిలో ఎంపిక చేసినవి 2023లో జాతీయ సంపదగా ప్రకటితమయ్యాయి. మంచిదే. కానీ రోడ్డు దగ్గర ఎవరూ ఒక ప్రశ్న అడగలేదని గమనించాలి. షిరాతాకి దగ్గర ఆ రోడ్డెక్కే కార్లు రోజుకు ఎన్ని, ఒక్కో కారు మీద ఎంత నష్టం అని లెక్క కట్టి, ఫలానా చోట రోడ్డుకు దిగుదారి మూసేస్తాం అని ఎవరూ అనరు. రైలుకు మాత్రం ఆ లెక్క ప్రతి ఏటా వస్తుంది. రోడ్డు ప్రభుత్వపు ఆస్తి, పట్టాలు కంపెనీ ఆస్తి కావడమే ఇందుకు కారణం. పట్టాలను కూడా ప్రజల సొత్తుగా ఉంచి, బండి నడపడం మాత్రమే కంపెనీకి వదిలేసే పద్ధతి జపాన్‌లోనే కొన్ని చోట్ల అమల్లో ఉంది. హొక్కైడోలో దానికి అడ్డు, ఆ ఖర్చు మోయగల స్తోమత ఎంగరు వంటి పట్టణాలకు లేకపోవడం. ఆ భారం టోక్యో ఎత్తుకోవాలన్నది నా పక్షం. రోడ్డు విషయంలో ఎత్తుకున్నప్పుడు పట్టాల విషయంలో ఎందుకు వద్దో నాకు ఇప్పటిదాకా ఎవరూ నచ్చేలా చెప్పలేదు.

సెకిహొకుతో సహా ఎనిమిది మార్గాల మీద గట్టి సంస్కరణ ప్రణాళిక ఒకటి 2026 ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా, అంటే 2027 మార్చిలోగా, తయారు చేయాలని రవాణా మంత్రిత్వ శాఖ కంపెనీని ఆదేశించింది. దేశంలో ఉల్లి పంటకు పేరు మోసిన కితామి నుంచి ప్రతి శరదృతువులో ఈ మార్గం మీదనే ఉల్లిపాయల బండి వెళుతుంది కాబట్టి, సరుకు రవాణా గురించి అందులో తప్పక చర్చ ఉంటుంది. పర్యాటకుల గురించీ ఉంటుంది. ఎంగరు హైస్కూలు పిల్లల పాసుల గురించి అందులో ఎన్ని పేజీలు కేటాయిస్తారో చూడాలి.